ఆసుపత్రిలో మన పిల్లలకు తగిన పని ఏది?



గత వేసవిలో ఒకనాటి సాయంకాలము మా తమ్ముడు పల్నాటిలోని మా గ్రామమునుండి నా యింటికి వచ్చెను. చేతిలో ఒక సంచి. ఆ సంచిలో పొలము దస్తావేజులు, మనుమరాలి ఇంటర్మీడియెట్ మార్కుల పత్రము, నీట్ పరీక్షలో ఆమెకు వచ్చిన మార్కుల కాగితము ఉన్నవి. మంచినీళ్లు త్రాగి కూర్చుండి, "అన్నయ్యా, ఎకరమున్నర అమ్మితే పిల్ల డాక్టరవుతుందంటున్నారు. అమ్మమంటావా, వద్దంటావా?" అని యడిగెను. పిల్ల గుమ్మములో నిలుచుండి మా యిద్దరి మొగములు మార్చి మార్చి చూచుచుండెను. ఆమెను ఎవ్వరును ఏమియు అడుగలేదు.

నేను ముప్పది నాలుగేండ్లు ప్రభుత్వపు ఆసుపత్రులలో రక్తము, మూత్రము, కఫము పరీక్షించు ప్రయోగశాలయందు పనిచేసి విశ్రాంతి పొందినవాడను. వైద్యుడను గాను. ఐనను ఆసుపత్రిలో పనిచేసినవానికి ఆసుపత్రి సంగతులన్నియు తెలియునని మన ఊళ్లలో తలతురు గావున, పిల్లల చదువును గూర్చి సలహా యడుగుటకు నాయొద్దకు వచ్చువారు చాలమంది. వారిలో ఒకరికి నేనిచ్చిన సలహా చెడిపోయినది. మొదట దానినే చెప్పెదను.

నా మేనల్లుడు చురుకైన కుఱ్ఱవాడు. 2018లో నీట్ వ్రాసెను, సీటు రాలేదు. ఏమి చేయుదమని వాని తండ్రి యడుగగా, "ఇంకొక యేడు చదివించుము, వచ్చును" అంటిని. మఱుసటి యేడును రాలేదు. "ఇంతదూరము వచ్చి విడిచిపెట్టుదురా?" అని మఱల నేనే యంటిని. మూడవ యేడు వాడు పుస్తకము తెఱచి కూర్చుండెడివాడే గాని పుట త్రిప్పెడివాడు కాడు. ఆ మూడేండ్లలో ఒక్కనాడైనను, రోగులతో పనిచేయుట నీకిష్టమేనా యని నేను వానిని అడిగి యెరుగను. తరువాత వాడు కంప్యూటరు చదువు చదివి హైదరాబాదులో ఉద్యోగములో కుదిరినాడు. సుఖముగానే ఉన్నాడు. ఐనను పండుగకు వచ్చినప్పుడు నాతో మాటలాడుట తక్కువ. ఒక్కసారి మాత్రము నవ్వుచు, "మామయ్యా, నాకు రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి. నువ్వెప్పుడూ అడగలేదుగా!" అనెను. ఆ నవ్వు నాకింకను గుర్తున్నది.

కావున తమ్ముడు సంచి విప్పినప్పుడు నేను వెంటనే నోరు తెఱవలేదు.

ముందుగా లెక్కలు చెప్పితిని. ఇవి మీరును తెలిసికొనదగినవి. 2017 నుండి మన రెండు రాష్ట్రములలోను ఎంబీబీఎస్ ప్రవేశమునకు నీట్ పరీక్షయే దారి. మొత్తము 720 మార్కులు. తప్పు వ్రాసిన మార్కు కోసివేయుదురు. తెలుగులోను వ్రాయవచ్చును. 2024లో దేశమంతటను ఇరువది మూడు లక్షలకు పైబడి వ్రాసిరి. ఎంబీబీఎస్ స్థానములో, లక్షకు పైచిలుకు. అందులో ప్రభుత్వ కళాశాలలవి ఇంచుమించు సగము. అనగా ఇరువదిమంది వ్రాసినచో ఒక్కరికి చోటు దొరకుట. తక్కిన పందొమ్మిదిమంది బుద్ధిలేనివారని యనుకొనుట న్యాయమా? చేరినవారికైనను చదువు ఐదున్నర సంవత్సరములు, అందు కడపటి యేడు ఆసుపత్రిలో శిక్షణ. ఆపైన ఒక శాఖలో నిపుణులు కావలెనన్న మఱి మూడేండ్లు, దానికి వేఱొక ప్రవేశపరీక్ష. పదునెనిమిదవ యేట చేరిన పిల్లవాడు ఏ యడ్డంకియు లేక సాగినను ఇరువదియాఱు దాటును. ఈ యోపిక, ఈ కోరిక రెండును ఉన్న పిల్లకు నేనెన్నడును అడ్డుచెప్పను. అట్టి పిల్లలు కలరు. వారు మనమడుగకుండగనే తెలిసిపోవుదురు.

తమ్మునికి ఒక దళారి చెప్పినది విదేశపు ఎంబీబీఎస్. ఆ దారి యబద్ధము కాదు. కాని దాని షరతులు దళారి చెప్పలేదు. నీట్‌లో అర్హత మార్కులు వచ్చియుండవలెను. అక్కడి చదువు కనీసము 54 మాసములు ఉండవలెను, బోధన ఆంగ్లమున జరుగవలెను, ఆపైన పండ్రెండు మాసముల శిక్షణ ఆ దేశమందే ముగింపవలెను. ఇంతయు చేసి వచ్చినవారు మన దేశములో వైద్యము చేయుటకు ఇక్కడ మఱియొక పరీక్షలో నెగ్గవలెను. 2022 మొదలు 2025 నడిమివఱకు జరిగిన ఆ పరీక్షలలో ఒక్కమారైనను నెగ్గినవారు మూడవవంతు లేరు. పొలమమ్మి పంపినవాడు ఈ యొక్క లెక్క తెలిసికొని పంపవలెను.

తమ్ముడు చాలసేపు ఊరకుండి, "మఱి నర్సు పనికి పంపమంటావా?" అనెను. ఆ మాట యన్న తీరు మీకు తెలియును. ఆసుపత్రిలో డాక్టరొకడే మనిషి, తక్కినవారందఱు డాక్టరు కాలేకపోయినవారు అన్న భావము మన యరుగులమీద నున్నది. నేను ముప్పది నాలుగేండ్లు చూచినదానినిబట్టి అది మెట్ల వరుస కాదు. వడ్రంగము, కమ్మరము, నేత ఎట్లు వేఱువేఱు పనులో, ఆసుపత్రిలోని పనులును అట్లే వేఱు. ఒకదానికి పనికివచ్చిన చేయి వేఱొకదానికి పనికిరాకపోవచ్చును. పిల్ల చేయి ఏ పనికి కుదురునో చూడవలెనన్న, పిల్లను ఆ పని దగ్గఱకు తీసికొనిపోవలెను. "పొలము మాట పది రోజులు ఆపుము. పిల్లను నాయొద్ద ఉంచిపొమ్ము" అంటిని.

నాకు తెలిసిన పెద్ద ఆసుపత్రి యధికారిని అడిగి, ఎవ్వరి పనికిని అడ్డురాకుండ, రోగులు వలదన్నచోట నిలువకుండ, కేవలము చూచుటకు సెలవు పొందితిని. ఇట్లు అడిగినచో ఇచ్చువారు కలరు. ఇయ్యనిచోట మీ ప్రాథమిక ఆరోగ్యకేంద్రములో నైనను ఒక పూట కూర్చుండనిత్తురు.

మొదట నా పాత ప్రయోగశాలకే తీసికొనిపోతిని. అది నాకు దేవాలయమువంటిది. నేను చేరిననాడు క్షయరోగి కఫమును గాజుపలకమీద పూసి, రంగువేసి, సూక్ష్మదర్శినిలో ఒక్కొక్క పలకకు నూఱు చోట్లు వెదకి చూచెడివారము. కన్నులు మండెడివి. నేడు గోవాలో తయారైన ట్రూనాట్ యంత్రము చిన్న పెట్టెలో ఆ పని చేయుచున్నది, ఏ మందు పనిచేయదో కూడ చెప్పుచున్నది. ఐనను యంత్రమునకు కఫము సరిగా అందించువాడు మనిషియే. రక్తమెక్కించుటకు ముందు దాత రక్తమును రోగి రక్తముతో కలిపి సరిపడునో లేదో చూచుట, గాజుగొట్టముమీద పేరు తప్పుపడకుండ చీటీ అంటించుట, ఇవి చిన్న పనులుగా కనబడును. ఆ చీటీ తారుమారైన మనిషి ప్రాణము పోవును. 2023లో మొదలైన కొడవలికణ రక్తహీనత నిర్మూలనోద్యమములో ఏజెన్సీ గ్రామములలో పిల్లలకు రక్తపరీక్ష చేయుచున్నవారు ఈ వృత్తివారే. రెండేండ్ల డిప్లొమా మొదలుకొని డిగ్రీ, పైచదువు వఱకు ఇందు కలవు.

పిల్ల రెండు గంటలు శ్రద్ధగా చూచెను. పిమ్మట, "పెదతాతయ్యా, ఈ రక్తం ఎవరిది? ఆమె బ్రతికిందా?" అని యడిగెను. "పేరు చీటీమీద ఉంటుంది. బ్రతికిందో లేదో మాకెవరూ చెప్పరమ్మా" అంటిని. ఆమె మొగము చిన్నబోయినది. నాకు ఆ తెలియకపోవుటయే శాంతి. రోగి యేడ్పు నా బల్లవఱకు రాదు. నా పని నేను నిదానముగా, తప్పులేకుండ చేసికొనగలను. ఆమెకు అదియే కొఱత. ఆనాటి సాయంకాలమే నాకొక సంగతి తెలిసెను, ఆమెకు తెలియలేదు.

ఇక్కడ ఒక మాట. భీమవరములో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసులో వైద్యము చదివినవారే. చదివి, రోగులను చూడక, అమెరికాలో ప్రయోగశాలలో కూర్చుండిరి. ఫోలిక్ యాసిడ్ మొదలైన మందులు, నేటికిని క్యాన్సరునకు, కీళ్లవాతమునకు వాడుచున్న మెథోట్రెక్సేట్ ఆయన నడపిన పరిశోధనశాల చలవ. 1948లో గతించిరి. రోగి మంచముప్రక్క నిలువనివాడు వైద్యమునకు ఏమి చేయగలడని ఎవరైన నన్నడిగినచో ఈ పేరు చెప్పుదును. గర్భిణీస్త్రీలకు మీ ఊరి ఆరోగ్యకార్యకర్త యిచ్చు మాత్రలలో ఇనుముతోపాటు ఉన్నది ఆ ఫోలిక్ యాసిడే.

మూడవనాడు నర్సుల వద్ద. పగలు కాదు, రాత్రి. పగటి ఆసుపత్రి చూచి నర్సుపని చూచితిమనుకొనరాదు. రాత్రి ఎనిమిది గంటలకు దిగిపోవు నర్సు ఎక్కివచ్చు నర్సుకు ఒక్కొక్క మంచము చూపి అప్పగించుట మొదలుపెట్టెను: ఎవరికి జ్వరమెంత, ఎవరికి సెలైను ఎంత మిగిలినది, ఎవరికి మూత్రము రాలేదు, ఎవరికి తెల్లవారి ఆపరేషను. అర్ధరాత్రి డాక్టరు వేఱొక వార్డులో ఉండును. మంచముమీది మనిషి రంగు మాఱినదని మొదట కనిపెట్టునది నర్సే. కదలలేని రోగిని రెండేసి గంటలకు ఒత్తిగిల్లజేయనిచో వీపు పుండ్లుపడును. ఈ పని రాత్రి రెండింటికిని చేయవలెను, నాలుగింటికిని చేయవలెను. ప్రక్కమంచము కేకలు వేయుచుండగా ఈ మంచము మందు లెక్క తప్పరాదు. తెల్లవారినపిమ్మట పిల్ల, "ఆ అక్క ఒక్కసారి కూడా కసరలేదు, పెదతాతయ్యా. నేనైతే ఒకరి దగ్గరే ఉండిపోతాను, మిగతావాళ్లను మరిచిపోతాను" అనెను. పదునేడేండ్ల పిల్ల తన్నుగూర్చి తాను ఇంత నిజము చెప్పుట నాకు మార్కుల పత్రముకంటె విలువైనదిగా తోచెను.

ఐనను నర్సుపనిని గూర్చి పెద్దలకు ఇంకను చెప్పవలెను, ఏలయన మన యూళ్లలో ఎక్కువ పొరపాటు దీనియందే. రాత్రిపని, పరపురుషుల శుశ్రూష, పెండ్లి కుదరదు అని మూడు మాటలు చెప్పుదురు. వెల్లూరులోను ఢిల్లీలోను 1946లోనే నర్సింగులో డిగ్రీ చదువు మొదలైనది. మనమింకను 1946కు ముందే ఉన్నాము. నేడు బీఎస్సీ నర్సింగు నాలుగేండ్లు, ఇంటర్‌లో భౌతిక, రసాయన, జీవశాస్త్రములు ఉండవలెను. జీఎన్ఎం మూడేండ్లు, ఏ గ్రూపువారైనను చేరవచ్చును. ఏఎన్ఎం రెండేండ్లు, స్త్రీలకు మాత్రమే. మీ ఊరి ఉపకేంద్రములో టీకాలు వేయు అమ్మాయి చదివినది సామాన్యముగా ఈ చివరిది. బీఎస్సీ చదివినవారు పైచదువు చదివి అధ్యాపకులు కావచ్చును. ఇతర దేశములకు పోవుటకు ఆ దేశభాషలో పరీక్ష, ఆ దేశపు నర్సింగు మండలి పరీక్ష రెండును నెగ్గవలెను. నెగ్గినవారికి పని దొరకుచున్నది. మఱియొక ప్రక్క నిజము కూడ చెప్పవలెను. మన పట్టణములలోని ప్రైవేటు ఆసుపత్రులు పెక్కింట క్రొత్త నర్సుకు ఇచ్చు జీతము ఆమె పనికి తగినది కాదు. ఒక్కతెకు అప్పగించు మంచములు ఎక్కువ. ఇది నర్సుపని తప్పు కాదు, పెట్టువారి తప్పు. ఐనను పంపువారు తెలిసి పంపవలెను.

మందుల విభాగములో పిల్లకు అంతగా మనసు నిలువలేదు, నేనును ఎక్కువసేపు ఉంచలేదు. కాని లెక్కపై, రసాయనముపై ప్రీతి గల పిల్లలున్నచో దానిని తీసిపారవేయకుడు. 1948 నాటి ఫార్మసీ చట్టము ప్రకారము డాక్టరు చీటీకి మందు కలిపి ఇచ్చు హక్కు నమోదైన ఫార్మసిస్టుది. డీఫార్మసీ రెండేండ్లు, బీఫార్మసీ నాలుగేండ్లు, ఫార్మ్‌డి ఆఱేండ్లు. దుకాణమే గతి యనుకొనరాదు. 1961లో ఏర్పడిన ఐడీపీఎల్ సంస్థ హైదరాబాదులో మందుల కర్మాగారము పెట్టినది. అది మూతపడినను, అందు పనిచేసినవారు నేర్చిన విద్యతో ఆ నగరము చుట్టు మందుల పరిశ్రమ పెరిగినది. అక్కడ మందు నాణ్యము పరీక్షించు ఉద్యోగములు కలవు.

ఇంకను చిన్న దారులున్నవి. 2005 ఆగస్టు 15న మొదలైన 108 బండిలో రోగి ప్రక్కన కూర్చుండి ప్రాణము నిలుపువాడు డాక్టరు కాడు, శిక్షణ పొందిన అత్యవసర సహాయకుడు. 1987లో హైదరాబాదులో స్థాపితమైన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రివారు పల్లెపిల్లలకు ఒక యేడు శిక్షణయిచ్చి, సుమారు 50,000 జనాభాకు ఒకటి చొప్పున పెట్టిన దృష్టికేంద్రములలో కన్నులు పరీక్షించు పనికి నియోగించుచున్నారు. ఎక్స్‌రే, డయాలిసిస్, మత్తుమందు విభాగములకును వేఱువేఱు చదువులున్నవి. మీ ఊరిలో సన్నని చూపు, స్థిరమైన చేయి, తక్కువ డబ్బు గల పిల్లలుందురు. వారిని తలంచుకొనుడు.

ఆఱవనాడు ఫిజియోథెరపీ గదికి పోతిమి. అక్కడ కత్తి లేదు, సూది లేదు. రెండు సమాంతరపు కడ్డీలు, ఒక చెక్కమెట్టు, రబ్బరు బంతులు. పక్షవాతముతో కుడిచేయి పడిపోయిన రైతు ఒకడు, అఱువదేండ్లవాడు, బల్లమీది గాజుగ్లాసు నెత్తుటకు యత్నించుచుండెను. ఆయన వ్రేళ్లు ముడుచుకొనవు. ప్రక్కన కూర్చున్న యువతి ఆయన మణికట్టు పట్టి, మోచేయి నిలిపి, "మళ్లీ" అనును. మఱల. మఱల. నలుబది నిమిషములలో గ్లాసు బల్లమీదినుండి రెండంగుళములు లేచి పడిపోయినది. ఆ రైతు నవ్వెను. పక్షవాతము వచ్చినపిమ్మట మెదడులో చెడినభాగము చేయుపనిని ప్రక్కభాగములు కొంత నేర్చుకొనగలవు. కాని అట్లు నేర్పుటకు అదే కదలికను వందలసార్లు చేయింపవలెను, మొదటి మాసములలోనే మొదలిడవలెను. మన ఊళ్లలో పక్షవాతము వచ్చినవానిని మంచముమీద పరుండబెట్టి పసరు పోయించుచు ఆ మాసములు పోగొట్టుకొనుచున్నాము. మోకాలి చిప్పలు మార్పించుకొన్నవారికి, ఎముక విఱిగి కట్టు విప్పినవారికి, నడక ఆలస్యమైన పిల్లలకు ఈ విద్యయే ఆధారము.

మేము బయటికి వచ్చుచుండగా పిల్ల వెనుకకు తిరిగి, "ఆ తాత మళ్లీ ఎప్పుడొస్తాడు?" అని యడిగెను. "మంగళవారం" అని లోపలినుండి జవాబు వచ్చినది. "మంగళవారం నేనూ వస్తాను" అనెను. మంగళవారమునాడు నాకు జ్వరము. ఆమె యొక్కతెయే ఆటో ఎక్కి పోయి వచ్చినది. గ్లాసు ఎంత ఎత్తు లేచినదో నాకు చేతితో కొలిచి చూపెను.

తమ్ముడు వచ్చినపిమ్మట ఈ చదువునుగూర్చిన చేదు కూడ దాచక చెప్పితిని. చదువు నాలుగున్నర నుండి ఐదేండ్లు. ప్రభుత్వోద్యోగములు కొద్ది. మొదటి కొన్ని సంవత్సరములు ప్రైవేటు జీతము స్వల్పము. పగలంతయు నిలిచి మనుష్యులను లేవనెత్తు పని గావున ఒడలు నొచ్చును. అనుభవము వచ్చినపిమ్మట స్వంతముగా చిన్న చికిత్సాలయము పెట్టుకొనవచ్చును. ముసలివారు పెరుగుచున్న దేశములో ఈ పనికి కఱవు రాదు. "పేరుకు ముందు డాక్టరని వ్రాసుకోవచ్చా?" అని తమ్ముడడిగెను. ఆ విషయమై దేశములో వాదములు జరుగుచున్నవి, ఆ యక్షరముకొఱకు ఐతే చదివింపవలదని చెప్పితిని.

తరువాత కళాశాల మాట. మా గ్రామమునకు ప్రక్క యూరి పిల్ల ఒకతె రెండేండ్లు, లక్షయేబదివేలు వెచ్చించి ఒక సంస్థలో డిప్లొమా చదివి, రాష్ట్ర మండలిలో పేరు నమోదు చేయించుకొనబోగా, ఆ సంస్థకు గుర్తింపే లేదని తేలినది. ఆ తండ్రి నా యింటి మెట్లమీద కూర్చుండి యేడ్చెను. కావున రంగుల కాగితము చూచి చేర్పింపకుడు. నర్సింగైనచో భారత నర్సింగు మండలి పట్టికలో, మందుల చదువైనచో భారత ఫార్మసీ మండలి పట్టికలో ఆ కళాశాల పేరు ఈ యేటికి ఉన్నదేమో చూడవలెను. డిగ్రీ చదువైనచో, ఆంధ్రప్రదేశములో 1986లో ఏర్పడిన విజయవాడ ఆరోగ్యవిశ్వవిద్యాలయము, తెలంగాణములో 2014లో ఏర్పడిన వరంగల్లు కాళోజీ నారాయణరావు విశ్వవిద్యాలయము అనుబంధ కళాశాలల పేర్లు ప్రకటించును. ఫిజియోథెరపీ మొదలైన వృత్తులకు 2021లో వేఱొక చట్టము వచ్చినది. దాని ననుసరించి ప్రవేశనియమములు, చదువు కాలము మాఱుచున్నవి. నిరుటి మాట నమ్మక ఈ యేటి ప్రకటన చదువుడు. పేపరు చూచినపిమ్మట కళాశాలకు స్వయముగా పొండు. "మీ పిల్లలు పని నేర్చు ఆసుపత్రి ఏది?" యని అడిగి, ఆ ఆసుపత్రికి కూడ పొండు. మంచములు ఖాళీగా ఉన్నచో మీ పిల్ల ఎవరిమీద నేర్చుకొనును? అసలు ధ్రువపత్రములు వారు ఉంచుకొందురేమో, చదువు నడుమ మానిన ఏమి తీసికొందురో ముందే యడుగుడు. ఫీజు ప్రభుత్వము చెల్లించు పథకములు రెండు రాష్ట్రములలోను కలవు. ఆ కళాశాలకు, ఆ చదువుకు వర్తించునో లేదో చేరకముందే విచారింపుడు.

మా తమ్ముడు ఎకరమున్నర అమ్మలేదు. ఒక యేటి మిరపపంట డబ్బును, కొంత బ్యాంకు విద్యారుణమును సరిపోయినవి. అతనికి మనసు పూర్తిగా కుదిరినదని చెప్పలేను. ఊరిలో ఎవరైన అడిగినచో మొదట "మెడిసినే" యని, తరువాత దిద్దుకొనుచున్నాడట.

మొన్న సంక్రాంతికి పిల్ల ఇంటికి వచ్చినది. మా మఱదలికి నాలుగేండ్లుగా మోకాలి నొప్పి. ఆమె కాలు చాపి, "ఏమ్మా, డాక్టరమ్మా, ఏమైనా చెయ్యి" అనగా, పిల్ల మోకాలిచిప్పను, తొడయెముకను, పిక్కయెముకలను ఒక్కొక్కటి తాకి వాని పేర్లు గడగడ చెప్పినది. "మరి నొప్పో?" అని మఱదలు. "అది ఇంకా చెప్పలేదు నాయనమ్మా, ఇంకో రెండేళ్లాగు" అనెను.